సవానా ఉడుము పిల్లకి పెట్టె ఎలా కట్టాలి: కావలి తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. చెన్నైలో మీ బావకి బదిలీ అయితే తన సవానా మానిటర్ (ఆఫ్రికా ఉడుము) పిల్లని కాగితాలతో సహా నీకు అప్పజెప్పాడు. తోకతో కలిపి అడుగు పొడవు కూడా లేదు. మూడడుగుల చేపల అక్వేరియంలో పెట్టి, పైన ఇనుప జాలీ మూసి, రెండంగుళాల కొబ్బరి పొట్టు పరిచి, 100 వాట్ల స్పాట్ బల్బు ఒకటి వేలాడదీశావు. పది రోజులుగా అది వెచ్చని చోటికి రావడం మానేసి నీళ్ల గిన్నెలోనే పడుకుంటోంది. కళ్లు లోపలికి పోయాయి, తోక మొదట్లో చర్మం ముడతలు పడింది. "ఇంకా పెద్ద బల్బు పెట్టాలా అన్నా?" అని అడిగావు.

వద్దు. ఇప్పుడున్న బల్బే దాన్ని ఆరబెడుతోంది. పెద్దది పెడితే ఇంకా తొందరగా ఆరిపోతుంది.

జవాబులోకి వెళ్లేముందు ఒక మాట తప్పదు, ఏమనుకోకు. అది నిజంగా సవానాయేనా? మన దేశంలో పుట్టే ఉడుములు నాలుగు రకాలు, నాలుగూ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఉదయగిరి వైపు గుట్టల్లో, మన పొలం గట్ల మీద తిరిగేది బెంగాల్ మానిటర్. దాన్ని ఇంట్లో పెట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25,000కు తగ్గకుండా జరిమానా. ఇక్కడి పిల్లల్ని పట్టి "ఆఫ్రికాది" అని అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. సవానాకి తల పొట్టి, మూతి మొద్దు, మెడ లావు, ఒళ్లు బూడిద రంగు, వీపు మీద అడ్డవరుసల్లో లేత పసుపు గుండ్రటి మచ్చలు ఉంటాయి. మన ఉడుముకి తల, మెడ సన్నగా పొడుగ్గా ఉంటాయి. నీ దగ్గరున్నది మన ఉడుమే అయితే కింద రాసిందేదీ చదవక్కర్లేదు, నేరుగా అటవీ శాఖ ఆఫీసుకి ఫోన్ చెయ్యి, వాళ్లొచ్చి తీసుకెళ్తారు. ఆ జాతి ఇప్పటికే పడాల్సిన కష్టాలన్నీ పడింది. కంజీర వాయిద్యానికి తోలు దానిదే కావాలన్నారు, దాని జననాంగాన్ని ఎండబెట్టి "హత్తాజోడి" అనే మొక్క వేరని పూజ సామాన్లలో అమ్మారు.

సవానా అయితే పెంచుకోవచ్చు, కానీ అదీ వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కిందికి వచ్చే జాతి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు కావాలి. కొత్తగా నీ చేతికి వచ్చింది కాబట్టి 30 రోజుల్లోపు నీ పేరు మీద ఆ పని పూర్తి చెయ్యి. మీ బావ పేరున కాగితం ఉంటే చాలనుకోకు.

సరే, ఈ రాత్రికి చెయ్యాల్సింది ఇది. జాలీ మూత మీద ప్లైవుడ్ ముక్క గానీ మందపాటి పాలికార్బొనేట్ షీటు గానీ పరిచి, బల్బు ఉన్నంత మేర మాత్రం వదిలిపెట్టు. బల్బుకి ఆనుకోకుండా చూసుకో. 100 వాట్లది తీసేసి 50 వాట్లది పెట్టు. వెడల్పు టబ్బులో గోరువెచ్చని నీళ్లు దాని భుజాల దాకా పోసి పావుగంట ఉంచు, నువ్వు పక్కనే ఉండు. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. సరీసృపాలు చూసే డాక్టర్లు మన వైపు తక్కువ. కావలి నుంచి తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రి గానీ చెన్నై గానీ వెళ్లాల్సి రావచ్చు. ముందు ఫోన్ చేసి ఉడుములకి వైద్యం చేస్తారా అని కనుక్కుని వెళ్లు. కళ్లు గుంట పడ్డాయంటే ఇంటి వైద్యంతో వారాలు గడిపే దశ దాటింది.

నేను ఇంత ఖచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి సవానా పిల్ల పద్నాలుగు నెలలకే పోయింది. నేను ఉలవపాడు దగ్గర రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్‌ని. నీటి ఉప్పదనం, వేడి, గాలి కొలవడమే నా ఉద్యోగం. అయినా ఇంట్లో ఉడుముకి నీలాగే గాజు తొట్టి, పైన జాలీ పెట్టాను. అమ్మినవాడు "ఎడారి జంతువు, పొడిగా ఉంచు" అన్నాడు, నమ్మాను. పోయాక డాక్టరు కోసి చూపించాడు. గుండె చుట్టూ, మూత్రపిండాల మీద సున్నం రాసినట్టు తెల్లటి పొర. ఒంట్లో నీరు చాలక యూరిక్ యాసిడ్ బయటికి పోలేక అక్కడ పేరుకుపోయింది. దాన్ని గౌట్ అంటారు. పద్నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా గిన్నెలో నీళ్లు లేకుండా లేవు. అయినా అది దాహంతోనే చచ్చిపోయింది.

ఎలా అంటే, పొడి గాలిలో ఉడుము తాగే నీటికంటే దాని ఊపిరితో, చర్మంతో పోయే నీరు ఎక్కువ. పైన జాలీ, కింద వేడి బల్బు ఉంటే ఆ తొట్టి పొగగొట్టంలా పనిచేస్తుంది. వేడి గాలి తేమని పట్టుకుని పైకి పోతూనే ఉంటుంది. నువ్వు రోజుకి నాలుగుసార్లు స్ప్రే కొట్టినా అరగంటలో ఆరిపోతుంది. సవానా పేరు విని గడ్డి మైదానం, ఎండ అనుకుంటాం. ఆ ఎండ దానికి కొన్ని గంటలే. మిగతా బతుకంతా నేల లోపల. పశ్చిమ ఆఫ్రికాలో, ఘనా లాంటి చోట్ల, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు పొలాల్లో ఇలకోళ్లు తవ్విన బొరియల్లోనే దాక్కుంటాయి, ఆ ఇలకోళ్లనే తింటాయి. బొరియలో గాలి కదలదు, మట్టి చెమ్మగా ఉంటుంది. పైన ఎంత మండినా లోపల చల్లగా, తడిగా ఉంటుంది. నీ పిల్ల నీళ్ల గిన్నెలో పడుకోవడం బొరియ దొరక్కే.

కాబట్టి పెట్టె అనగానే గాజు, లైట్లు, అలంకారం గురించి ఆలోచించకు. మట్టితో మొదలుపెట్టు.

పిల్లకి ఒక అడుగు లోతు మట్టి కనీసం కావాలి. పెద్దదయ్యాక అడుగున్నర నుంచి రెండడుగులు. ఆడదైతే ఆ లోతు ప్రాణానికి సంబంధించిన విషయం. మగ తోడు లేకపోయినా గుడ్లు తయారవుతాయి, తవ్వి పెట్టే చోటు లేకపోతే కడుపులోనే ఆగిపోయి చనిపోతుంది. ఒట్టి ఇసుక పనికిరాదు, బొరియ కూలిపోతుంది. ఒట్టి నల్లరేగడి కూడా వద్దు, తడిస్తే జిగురు, ఆరితే పగుళ్లు. మన దగ్గర చక్కగా కుదిరేది ఎర్రమట్టి మూడు పాళ్లు, పెన్నా ఇసుక రెండు పాళ్లు. తడిపి పిడికిట్లో నొక్కు. ముద్ద నిలబడాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అందులో చెయ్యి దూర్చి సొరంగం చేసి చూడు, తీశాక కూలకపోతే మట్టి సరిపోయినట్టే. ఇంత వివరంగా చెప్పడానికి కారణం, ఈ ఒక్క పరీక్షలో మట్టి నిలబడకపోతే మిగతా పెట్టె మొత్తం దండగ.

మట్టి ఎక్కడిదన్నది ముఖ్యం. పొగాకు చేను, మిరప చేను పక్క మట్టి వద్దు, ఎన్ని మందులు కొట్టి ఉంటారో చెప్పలేం. రొయ్యల గుంటల దగ్గరిది వద్దు, ఉప్పు. వాడని గుట్ట పక్క ఎర్రమట్టి, లేదా ఇల్లు కట్టేవాళ్లు పునాది తవ్వేటప్పుడు లోతు నుంచి వచ్చిన మట్టి మంచిది. తడపడానికి బోరు నీళ్లు వాడేముందు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) చూసుకో. కావలి తీరం వైపు చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మట్టిలో మిగిలిపోతుంది, ఏడాదికి పోగుపడుతుంది. నేను తాగే నీళ్లే పోస్తాను. పైనుంచి చల్లడం కాదు, వారానికి ఒకటి రెండుసార్లు మూలల్లో మగ్గుతో పోస్తాను. నీరు అడుగుకి దిగి మెల్లగా పైకి చెమ్మ పట్టిస్తుంది. పైన రెండంగుళాలు పొడిగా, లోపల తడిగా ఉండాలి. బురద కాకూడదు.

ఇక బరువు. తడి మట్టి ఘనపు అడుగుకి 45 కిలోలు పైనే తూగుతుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పెట్టెలో అడుగు లోతు పోస్తే 360 కిలోలు. పెద్ద ఉడుముకి కావాల్సిన ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పులో అడుగున్నర పోస్తే రెండు టన్నులు దాటుతుంది. మేడ మీద గది గురించి రాశావు, ఆ ఆలోచన మానుకో. కింది అంతస్తులో, వీలైతే ఉత్తరం వైపు లేదా తూర్పు వైపు గదిలో, నేల మీదే కట్టు.

చిన్నది కట్టి తర్వాత పెద్దది కడదామని చాలామంది అంటారు. నా మాట వింటే ఒకేసారి పెద్దదే కట్టు. బాగా తింటే ఏడాదిలో అది రెండడుగులు దాటుతుంది, పెద్దయ్యాక మూడు, మూడున్నర అడుగులు. పెద్ద చోటులో పిల్ల బెదిరిపోతుందని భయపడక్కర్లేదు. దాక్కునే సందులు నిండుగా ఉంటే బెదరదు. డబ్బు ఇప్పుడు లేదంటే నాలుగడుగులది ఆరు నెలలు నడుస్తుంది, అంతే.

నేను కట్టింది ఇలా. కింది భాగం హేచరీలో పక్కన పడేసిన పాత ఫైబర్ తొట్టి. మన తీరంలో హేచరీలున్న ప్రతిచోటా ఇవి దొరుకుతాయి. నీరు కారదు, కుళ్లదు, బరువు తట్టుకుంటుంది. బ్లీచింగ్, ఫార్మలిన్ వాడి ఉంటారు కాబట్టి బాగా కడిగి, రెండు మూడు రోజులు నీళ్లు నిలవబెట్టి పారబోసి, వారం రోజులు ఎండబెట్టాను. తొట్టి దొరక్కపోతే ఇటుక, సిమెంటుతో నీళ్ల తొట్టి కట్టినట్టే కట్టించుకో. దాని మీద మూడడుగుల ఎత్తు ప్లైవుడ్ గది. మామూలు ప్లై ఏడాదికే ఉబ్బుతుంది, మెరైన్ ప్లై తీసుకో. లోపలి వైపు ఫైబర్ పూత వేయించాను. పడవలకి ఫైబర్ పని చేసేవాళ్లు జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు ఉంటారు, పెట్టె పని వాళ్లకి అరపూట. ఒక్క జాగ్రత్త, ఆ పూతలో వాడే రెజిన్ జిగురు వాసన పూర్తిగా పోయేదాకా, నాకు నెల పట్టింది, జంతువుని లోపల పెట్టకూడదు.

తలుపులు ముందు వైపు, మట్టి మట్టం పైనుంచి మొదలవ్వాలి. పైనుంచి చెయ్యి దిగితే ఏ పిల్ల ఉడుమైనా గద్ద వచ్చిందన్నట్టే వణికిపోతుంది. పక్కకి జరిగే గాజు తలుపులకి తాళం తప్పనిసరి, గోళ్లతో జరిపేస్తుంది. ఉడుము పట్టు అని ఊరికే అనలేదు మనవాళ్లు. పైకప్పు మూసే ఉండాలి. గాలికి ఒక పక్క కింద, ఇంకో పక్క పైన అరంగుళం రంధ్రాలు నాలుగైదు చాలు, లోపలి నుంచి సన్న జాలీ వెయ్యి.

లైట్ల విషయంలో ఒక్క పెద్ద బల్బు చేసే చెడు నీకు తెలియాలి. అది వీపు మీద రూపాయి బిళ్లంత చోటుని కాలుస్తుంది, మిగతా ఒళ్లు చల్లగానే ఉంటుంది. అది వేడెక్కాలని ఇంకా దగ్గరికి వెళ్తుంది, కాలుతుంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఒకేసారి వెచ్చదనం పడాలి. వెలుగు వెడల్పుగా పరిచే 50 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బులు రెండు పక్కపక్కన పెట్టు, పెరిగే కొద్దీ మూడు, నాలుగు చేసుకో. ఎల్ఈడీలు వేడి ఇవ్వవు. బల్బు కింద రాతి మీద 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ రావాలి. ఆ అంకె చూసి టెన్షన్ పడకు, అది రాయి వేడి. గాలి వేడి అంత ఉండకూడదు, అవతలి చివర 26 నుంచి 29 దగ్గర ఉండాలి. చేత్తో తాకి చెప్పేది కాదు, ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ కొను. గాలికి, తేమకి వేరే డిజిటల్ మీటరు. బల్బులకి డిమ్మర్ పెట్టుకుంటే తగ్గించడం తేలిక. లోపల ఉన్న ప్రతి బల్బుకీ తీగ బుట్ట ఉండాలి, పిల్లలు ఎక్కుతాయి. కింద నుంచి కాల్చే హీట్ మ్యాట్, వేడి రాయి కొనకు. కడుపు కాలినా అది అక్కడ్నుంచి లేవదు.

ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చే యూవీబీ ట్యూబు కూడా పెట్టు, టీ5 రకం, ఉడుము వీపుకి అడుగు నుంచి అడుగున్నర దూరంలో. గాజు దాన్ని ఆపేస్తుంది, అందుకే కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు. వెలుగుతున్నా ఏడాదికొకసారి మార్చాలి. ఎండకోసమని గాజు తొట్టిని ఆరుబయట పెట్టడం మాత్రం ఎప్పుడూ చెయ్యకు. మన ఎండలో నిమిషాల్లో ఉడికిపోతుంది.

కాచుకునే చోటికి మార్కాపురం పలక బండ గానీ కడప బండ గానీ బాగుంటుంది. దాన్ని మట్టి మీద ఊరికే పరవకు. కింద తవ్వుకుపోతుంది, బండ కూలి నలిగిపోతుంది. అడుగు నుంచి ఇటుకలు పేర్చి వాటి మీద ఆనించు. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది పాత బంగళా పెంకులు. పాతిల్లు పడగొట్టిన చోట అడిగితే ఇస్తారు. కడిగి ఎండబెట్టి, బల్బు పక్కన ఐదారు వరుసలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో వేలు దూరేంత సందులతో పేర్చాను, కదలకుండా. పై సందులో వేడి, కింద సందులో చల్లన. పిల్ల తనకి కావాల్సిన వేడి తనే ఎంచుకుంటుంది, దాక్కునే ఉంటుంది. పగలంతా అందులోంచి మూతి మాత్రం బయటపెట్టి చూస్తుంటుంది. చల్లటి చివర ఒక బోలు తాటి మొద్దు, ఎండుటాకులు వెయ్యి.

మన వాతావరణానికి సంబంధించిన మాట ఇది. బయట దేశాల వీడియోల్లో చలి నుంచి ఎలా కాపాడాలో చెబుతారు. మనకి చలి సమస్య కాదు. రాత్రి లైట్లన్నీ ఆపెయ్యొచ్చు, డిసెంబరులో కూడా కావలి గదిలో మట్టి చాలినంత వెచ్చగానే ఉంటుంది. మనకి గండం రోహిణి కార్తె. బయట 43, 44 ఉన్నప్పుడు గదిలో 38 ఉంటుంది, చల్లటి చివర అనేదే మిగలదు. ఆ రోజుల్లో నేను బల్బులు ఉదయం 6 నుంచి 10 దాకానే వేస్తాను. మధ్యాహ్నం అది మట్టిలోకి దిగిపోతుంది. అడుగు లోతున మట్టిలో మీటరు పెట్టి చూశాను, గది 38 ఉన్నరోజు అక్కడ 30. రేకుల షెడ్డులో పెడితే ఈ లెక్కలేవీ నిలవవు.

ఇంకో గండం అక్టోబరు నుంచి డిసెంబరు. తుపాను వస్తే రెండు మూడు రోజులు కరెంటు ఉండకపోవచ్చు. ఒళ్లు వేడెక్కకపోతే తిన్నది అరగదు, కాబట్టి కరెంటు వచ్చేదాకా మేత ఆపు. నీళ్లుంటే చాలు, వారం తినకపోయినా ఏమీ కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో మా పెద్దమ్మ వాళ్ల వీధిలోకి నీళ్లొచ్చాయి. అప్పటినుంచి గాలి రంధ్రాలున్న మూత డబ్బా ఒకటి పెట్టె మీదే ఉంచుతున్నాను.

చీమల గురించి అడగలేదు కానీ వస్తాయి. చీమల మందు చాక్‌పీసు గీయకు, ఆ గదిలో బొద్దింకల స్ప్రే కొట్టకు. మిగిలిన పురుగుల్ని ఎప్పటికప్పుడు తీసెయ్యడం, చీమల దారిని సబ్బు నీళ్లతో తుడవడం, ఇదొక్కటే నేను చేసేది.

మేత గురించి రెండు మాటలే. ఇలకోళ్లు, మేత కోసం పెంచిన డూబియా రకం బొద్దింకలు, పట్టుపురుగులు, వానపాములు, నత్తలు. పిల్లకి రోజూ, కాల్షియం పొడి అద్ది. ఇంట్లో దొరికిన బొద్దింక వద్దు, మందు తిని ఉండొచ్చు. ఎలుకలు, కోడి మాంసం పెట్టి తొందరగా పెంచాలనుకోకు, కొవ్వు పట్టి కాలేయం పోతుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, మీ పాపని పెట్టె దగ్గర ఒంటరిగా వదలకు. విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఏ సరీసృపం మీదైనా ఉండొచ్చు.

మట్టి పోసి పిల్లని వదిలాక రెండు మూడు రోజులు అది కనిపించదు. చచ్చిపోయిందేమోనని గుండె ఆగినంత పనవుతుంది, నాకూ అయింది. తవ్వి చూడకు. తవ్వితే అది కట్టుకున్న సొరంగం పోతుంది, నీ మీద నమ్మకం కూడా పోతుంది. లైట్లు వేళకి వెయ్యి, నీళ్లు మార్చు, పొద్దున్నే పురుగులు వెయ్యి, దూరంగా కూర్చో. మా రెండోది నాలుగో రోజు ఏడు గంటలకి పెంకుల సందులోంచి తల బయటపెట్టి, నాలుక ఆడించి, బల్బు కిందికి వచ్చి పొట్ట చదునుగా పరుచుకుని పడుకుంది. ఇప్పుడు దానికి ఆరేళ్లు.

డాక్టరు ఏం చెప్పాడో రేపు రాయి. ఫోటో పెట్టేటప్పుడు తల పక్క నుంచి ఒకటి, వీపు మచ్చలు కనిపించేలా ఒకటి తియ్యి. కాళ్ల వేళ్ల చివర పాత చర్మం రింగులా మిగిలిపోయిందేమో కూడా చూడు, ఉంటే లాగకుండా అలాగే డాక్టరుకి చూపించు.